ఆటల పీరియడ్‌లో పిల్లల నుంచి ఏం ఆశించాలి? 600 మీటర్ల పరుగుకి భయపడుతున్న మా పాప

కొత్తబడి అమ్మ (ఖమ్మం)
జూన్ 18, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా పాప ఎనిమిదో తరగతి. ఈ ఏడే బడి మార్చాం. మొన్న బడి నుంచి వ్యాయామ విద్య గురించి ఒక కాగితం పంపారు. వారానికి రెండు పీరియడ్లట. ఆ రెండు రోజులూ తెల్ల డ్రెస్సు, కాన్వాస్ బూట్లు. జులైలో ఒకసారి, జనవరిలో ఒకసారి ఫిట్‌నెస్ పరీక్ష పెడతారు. 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కూర్చుని కాలి వేళ్లు అందుకోవడం, కర్లప్స్, పుషప్స్, ఎత్తు, బరువు. దాన్నిబట్టి ప్రోగ్రెస్ కార్డులో గ్రేడు. చేయలేనివాళ్లు డాక్టరు సర్టిఫికెట్ తేవాలి.

పాత బడిలో ఆటల పీరియడ్ అంటే మగపిల్లలకి ఒక బ్యాటూ బంతీ ఇచ్చేవారు. ఆడపిల్లలు వేపచెట్టు కింద కూర్చుని హోంవర్కు రాసుకునేవారు. మా పాప కాస్త బొద్దుగా ఉంటుంది, పరుగు అలవాటు లేదు. ఆ కాగితం చూసిన దగ్గర్నుంచి "600 మీటర్లు నావల్ల కాదమ్మా, అందరూ నవ్వుతారు" అని ఒకటే దిగులు. సర్టిఫికెట్ తెచ్చి తప్పించమంటోంది. నాకు తప్పించాలని లేదు. అలాగని పిల్లని బాధపెట్టాలనీ లేదు.

అసలు ఈ వయసు పిల్లల నుంచి ఆ పీరియడ్‌లో ఏం ఆశించాలి? మీ పిల్లల బళ్లలో ఏం చేయిస్తున్నారు? సార్‌తో మాట్లాడాలంటే ఏం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

విజిల్ (నల్గొండ జిల్లా, ప్రభుత్వ ఉన్నత పాఠశాల పీఈటీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడు)
జూన్ 18, రాత్రి 10:05

అమ్మా, ముందు ఒక మాట. జబ్బు లేనప్పుడు సర్టిఫికెట్ జోలికి పోకండి. ఒకసారి తప్పించుకున్న పిల్ల మళ్లీ ఏడాది కూడా తప్పించుకోవాలనే చూస్తుంది, భయం అలాగే ఉండిపోతుంది.

మీకు పంపిన పరీక్షల పట్టిక ఆ బడి సొంతంగా తయారు చేసింది కాదు. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా కార్యక్రమం కింద దేశమంతటా బడి పిల్లలకు ఇచ్చినదే. నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా మీరు రాసినవే ఉంటాయి. ఒకటి నుంచి మూడో తరగతి చిన్నపిల్లలకు వేరు. ఒంటికాలి మీద నిలబడే ఫ్లెమింగో పరీక్ష, రెండు బిళ్లల మీద చేయి అటూ ఇటూ వేగంగా తట్టే పరీక్ష, ఎత్తు బరువు, అంతే. మన తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలు ఆ ఒంటికాలి పరీక్షలో ఎంత బాగా నిలబడతారో చూడాలి మీరు.

ఇప్పుడు మీ పాప భయం సంగతి. ఆ 600 మీటర్లలో నడవచ్చు. నియమంలోనే ఉంది, పరుగు లేదా నడక అని. ఆయాసం వస్తే నడిచి, తగ్గాక మళ్లీ పరిగెత్తవచ్చు. పూర్తి చేయడం ముఖ్యం. ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు. విజిల్ ఊదగానే ప్రాణం పెట్టి ఉరుకుతారు, 150 మీటర్లకే పొట్ట పట్టుకుని కూలబడతారు. అది పిల్లల తప్పు కాదు, వేగం ఎలా పంచుకోవాలో నేర్పని మా తప్పు.

కర్లప్స్ అంటే పాతకాలపు గుంజిళ్లూ సిటప్సూ కాదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, భుజాలు కొంచెం పైకి లేపడం, 30 సెకన్లు. ఆడపిల్లలకు పుషప్స్ మోకాళ్లు ఆనించి. ఇవేవీ ఎనిమిదో తరగతి పిల్లకి అందనివి కావు.

నేను పరీక్ష పెట్టేటప్పుడు క్లాసు మొత్తాన్ని ఒడ్డున నిలబెట్టి ఒక్కొక్కరినీ పరిగెత్తించను. ఆరుగురో ఎనిమిది మందో ట్రాక్ మీద ఉంటారు, తక్కినవాళ్లు అదే సమయంలో కర్లప్స్ దగ్గరో, టేపు దగ్గరో ఉంటారు. చూసి నవ్వే తీరిక ఎవరికీ ఉండదు. మీ బడి సార్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, పరీక్ష ఎలా పెడతారు అని.

---

గోదారిగట్టు (రాజమండ్రి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు)
జూన్ 18, రాత్రి 10:48

పీఈటీ గారు చెప్పినవి బాగున్నాయి. నేను మరో కోణం చెప్తాను, కోపగించుకోకండి. ప్రధానోపాధ్యాయుడిగా నా మీద పదో తరగతి ఫలితాల ఒత్తిడి ఎంత ఉండేదో నాకే తెలుసు. జనవరి వచ్చాక ఆటల పీరియడ్లు లెక్కలకీ సైన్సుకీ ఇచ్చాను. దానివల్ల గట్టెక్కిన పిల్లలు ఉన్నారు. కూలివాళ్ల పిల్లలు, ట్యూషన్ పెట్టించుకోలేనివాళ్లు. వాళ్లకు ఆ పీరియడే ట్యూషన్. అందుచేత "ఆటల పీరియడ్ దోచుకున్నారు" అని ఊరికే అనకండి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకి మాత్రం తప్పక ఉండాలి. గ్రేడు విషయంలో కూడా నాకు అభ్యంతరం లేదు. గ్రేడు లేనిదాన్ని మన తల్లిదండ్రులు పట్టించుకోరు.

---

ఉప్పల్ నాన్న (హైదరాబాద్)
జూన్ 18, రాత్రి 11:20

మీరంతా గ్రౌండ్ గురించి మాట్లాడుతున్నరు. మా పిలగాని బడి నాలుగంతస్తుల బిల్డింగ్‌ల ఉంది. కింద బస్సులు పెడతరు, మీద రేకుల షెడ్డు. ఆటల పీరియడ్ అంటే క్లాస్‌లనే కూసోబెట్టి క్యారమ్స్, చెస్. ఫీజుల మాత్రం స్పోర్ట్స్ ఫీజు అని వేరే రాస్తరు. ఆరో తరగతి పోరడు పొద్దుగాల ఏడున్నరకు బస్సెక్కితే సాయంత్రం ఐదింటికి దిగుతడు. వాని ఒంట్ల చెమట పట్టేది ఎప్పుడు? ఇంటికొచ్చినంక ఫోన్. నేను తిడ్త, వాడు అలుగుతడు. గ్రౌండ్ లేకుంట ఏం చేయిస్తరో సార్ చెప్పాలె.

---

వేపపుల్ల (ఆదిలాబాద్, ఇప్పుడే ఇంటర్‌కి వచ్చాను)
జూన్ 19, ఉదయం 6:35

ఆంటీ, నేను కూడా మీ పాప లాగే ఉండేదాన్ని, అందుకే రాస్తున్నా. నాకు పరుగు కన్నా బాధ పెట్టింది జట్లు ఎంచుకోవడం. ఇద్దరు కెప్టెన్లు ముందు నిలబడి ఒక్కో పేరు పిలుస్తారు. చివరికి మిగిలేది నేనే. "సరే, నువ్వు వాళ్ల వైపు పో" అంటారు. ఆటలో ఓడిపోతే ఏమీ అనిపించేది కాదు, ఆ నిలబడే రెండు నిమిషాలే భరించలేకపోయేదాన్ని.

తొమ్మిదిలో కొత్త మేడం వచ్చారు. ఆమె వరసలో నిలబెట్టి ఒకటి రెండు మూడు నాలుగు అని అంకెలు చెప్పించేవారు. ఒకట్లన్నీ ఒక జట్టు, రెండ్లన్నీ ఇంకో జట్టు. అంతే. ఆమె మాకు ఖోఖో నేర్పారు. దూరం పరిగెత్తలేను కానీ కూర్చున్నచోటి నుంచి లేచి దూకడంలో నేను చురుకు. నాలుగో గడిలో కూర్చుంటే నాకు ఖో ఇవ్వాలని అందరూ చూసేవారు. మండలం ఆటలకి కూడా వెళ్లాను.

సార్‌ని కలిసినప్పుడు జట్లు ఎలా చేస్తారో అడగండి ఆంటీ. ప్లీజ్.

---

విజిల్
జూన్ 19, ఉదయం 7:10

వేపపుల్లా, నువ్వు రాసింది ప్రతి పీఈటీ చదవాలమ్మా.

ఖోఖో మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మన బళ్లకి ఇంతకన్నా తగిన ఆట లేదని నా నమ్మకం. రెండు స్తంభాలు, ముగ్గు పిండి చాలు. 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు స్థలం. ఎనిమిది మంది మధ్య గీత మీద ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చుంటారు, తొమ్మిదో వాళ్లు తరుముతారు. ఎదుటి జట్టు నుంచి ముగ్గురేసి లోపలికి వస్తారు. తరిమేవాళ్లు మధ్య గీత దాటకూడదు, పట్టిన దిక్కు మార్చకూడదు, స్తంభం చుట్టి రావాలి. అందుకే ఒక్కరి కాలిబలంతో ఆట గెలవలేరు. ఎప్పుడు ఖో ఇవ్వాలో తెలిసినవాళ్లే గెలిపిస్తారు. లావుగా ఉన్నవాళ్లూ సన్నగా ఉన్నవాళ్లూ ఒకే గీత మీద పనికొస్తారు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ప్రపంచ కప్ జరిగితే మన ఆడవాళ్ల జట్టూ మగవాళ్ల జట్టూ రెండూ ఫైనల్లో నేపాల్ మీద గెలిచాయి. ఆ వీడియోలు మా పిల్లలకు చూపించాక ఖోఖో పిచ్చి పట్టుకుంది.

ఉప్పల్ నాన్న గారూ, బడికి ఆటస్థలం ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది. ఆట సామగ్రి ప్రతి తరగతికీ ఇవ్వాలనీ ఉంది. అది లేని బడికి అనుమతి ఎలా వచ్చిందో అడిగే హక్కు మీకుంది. అది తేలేలోపు బస్సులు వెళ్లాక ఆ కింద స్థలం పొద్దంతా ఖాళీయే కదా? టెన్నికాయిట్ కోర్టుకి 12 మీటర్ల పొడవు, ఐదున్నర మీటర్ల వెడల్పు చాలు. ఒక తాడు, ఒక రబ్బరు రింగు. స్కిప్పింగ్ తాళ్లు. గోడకి బంతి కొట్టి పట్టుకోవడం. పది మీటర్ల గీతల మధ్య అటూ ఇటూ ఉరికే షటిల్ రన్. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఎంపికల్లో పిల్లల చురుకుదనం చూసేది ఆ షటిల్ రన్‌తోనే, దానికి ఎంత చోటు కావాలి చెప్పండి! ఏడుపెంకులాటకి వాకిలి చాలు. చదరంగం గొప్ప ఆట, కాదనను. దానితో ఒంటికి చెమట పట్టదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు చెప్పింది సగటున రోజుకి 60 నిమిషాల కదలిక. మాకు వారానికి రెండు పీరియడ్లు ఇస్తే రెంటికీ కలిపి గంటన్నర కూడా రాదు. మిగతాది ఇంటి దగ్గర, వీధిలో, బడికి నడకలో రావాలి.

---

గోదారిగట్టు
జూన్ 19, ఉదయం 9:30

విజిల్ గారూ, అన్నీ ఒప్పుకుంటాను. నేను ముందు చెప్పినదానికి జవాబు రాలేదు. పదో తరగతి పిల్లాడికి జనవరి తర్వాత?

---

విజిల్
జూన్ 19, ఉదయం 10:02

అప్పుడు కూడా వద్దంటాను సార్. మీ మీద గౌరవంతోనే. ఆ మూడు నెలల్లో పిల్లలు పొద్దున స్టడీ అవర్, పగలు క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్ కూర్చుంటారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక క్లాసులో కళ్లు మూసుకుపోయే పిల్లాడికి ఇంకో లెక్కల పీరియడ్ ఇస్తే వాడి చెవిలో పడేది ఎంత? నలభై నిమిషాలు అక్కర్లేదు, ఇరవై నిమిషాలు వాలీబాల్ ఆడించి పంపండి. మా బడిలో లెక్కల మేడమే వచ్చి "పంపండి, తర్వాత బాగా వింటున్నారు" అంటారు.

ఇంకొక బాధ కూడా చెప్పనివ్వండి. మా పీరియడ్ మరో సబ్జెక్టుకి తీసుకోవడానికి ఎవరూ మమ్మల్ని అడగరు. ప్రార్థన వరసలకీ, మధ్యాహ్న భోజనం దగ్గర క్రమశిక్షణకీ, పంద్రాగస్టు కవాతుకీ మేము కావాలి. మా పాఠం మాత్రం పాఠం కాదు.

---

గోదారిగట్టు
జూన్ 19, ఉదయం 10:40

ఆ చివరి మాట నిజం. పీరియడ్ తీసుకునే ముందు ఆ సార్‌ని అడగడం కనీస మర్యాద, అది ఎక్కడా జరగదు. మిగతా విషయంలో నా అభిప్రాయం మార్చుకోలేదు. ట్యూషన్ లేని పిల్లాడికి ఆ గంట విలువ మీరు తక్కువ చేస్తున్నారు.

---

రింగ్ టీచరమ్మ (కాకినాడ, బాలికల ఉన్నత పాఠశాల)
జూన్ 19, సాయంత్రం 5:45

కొత్తబడి అమ్మగారూ, మీ పోస్టులో మగపిల్లలకి బ్యాటు, ఆడపిల్లలకి చెట్టు నీడ అన్నారు చూడండి, దాని మీదే రాయాలనిపించింది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆడపిల్లలు మైదానం నుంచి ఒక్కొక్కరే తగ్గిపోతారు. బద్ధకం వల్ల కాదు. చున్నీ జారుతుందని, బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది లేదని, పక్కన మగపిల్లలు ఏదో అంటారని, నెలసరి అని సార్‌కి ఎలా చెప్పాలో తెలియక. ఇవన్నీ తీర్చగలిగినవే.

డ్రెస్సు: వదులు టీషర్టు, ట్రాక్ ప్యాంటు అడగండి. తెల్ల ప్యాంటు ఆడపిల్లలకి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ముదురు రంగు ఒప్పుకోమని బడిలో గట్టిగా అడగండి, నలుగురు తల్లులు కలిసి వెళ్తే ఒప్పుకుంటారు. పాపకి స్పోర్ట్స్ బ్రా కొనండి. ఇది రాయడానికి మొహమాటపడాల్సిన పని లేదు. పరుగంటే ఇష్టం లేదనే చాలామంది పిల్లలకి అసలు ఇబ్బంది ఇదే, అమ్మకి కూడా చెప్పరు.

నెలసరి రోజుల్లో నా క్లాసులో ఎవరూ సంజాయిషీ చెప్పక్కర్లేదు. "మేడం, ఈరోజు స్కోరు రాస్తాను" అంటే చాలు. విజిల్, స్టాప్‌వాచ్, పుస్తకం చేతికిస్తాను. చెట్టు కింద కూర్చోబెట్టను, అంపైరింగ్ నేర్పుతాను. కొందరు ఆడతామంటారు, ఆడనిస్తాను. నిర్ణయం పిల్లది.

గాజులు, గొలుసు, వేలాడే కమ్మలు ఆ రోజు ఇంట్లోనే తీసి పంపండి. కబడ్డీలో కమ్మ చిక్కుకుని చెవి తెగిన పిల్లని చూశాను.

---

మోకాలి డాక్టరమ్మ (విజయవాడ, ఫిజియోథెరపిస్టు)
జూన్ 19, రాత్రి 8:30

ఆరోగ్యం వైపు నుంచి కొన్ని మాటలు.

ఉబ్బసం ఉన్న పిల్లల్ని ఆటల నుంచి తప్పించవద్దు. డాక్టరు చెప్పి ఉంటే ఆటకి పది పదిహేను నిమిషాల ముందు ఇన్‌హేలర్ పీల్చుకుని, వార్మప్ కొంచెం ఎక్కువసేపు చేసి ఆడవచ్చు. ఇన్‌హేలర్ బ్యాగులో మూడో అంతస్తులో ఉంటే లాభం లేదు, మైదానంలో సార్ దగ్గర ఉండాలి. ఈ సంగతి బడి మొదట్లోనే కాగితం మీద రాసి ఇవ్వండి.

పది నుంచి పదిహేనేళ్ల మధ్య, ఎత్తు గబగబా పెరిగే రోజుల్లో, మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి చేస్తుంది. దూకే ఆటలు ఎక్కువ ఆడే పిల్లలకి మరీ. ఆస్గుడ్ ష్లాటర్ అంటాం. ఎదుగుదల ఆగాక చాలామందికి తగ్గిపోతుంది. అది నటన కాదు, అలాగని ఏడాదంతా మంచాన పడుకోబెట్టాల్సిందీ కాదు. నొప్పి ఉన్నన్నాళ్లూ దూకడం, ఉరకడం తగ్గించి, తొడ కండరాలు సాగదీసే వ్యాయామాలు, బంతి విసిరే ఆటలు చేయించాలి. సర్టిఫికెట్ రాసే డాక్టరు గారిని "ఏం చేయకూడదు"తో పాటు "ఏం చేయవచ్చు" కూడా రాయమనండి.

ఎండ గురించి. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా పదకొండు నుంచి మూడు మధ్య మైదానంలో పరుగులు పెట్టించకూడదు. కళ్లు తిరగడం, తలనొప్పి, వాంతి, కండరాలు పట్టేయడం, తికమకగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే నీడకి తెచ్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, స్పృహలో ఉంటే నీళ్లు, ఓఆర్ఎస్ ఇవ్వాలి. మాట తడబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బొద్దుగా ఉన్న పిల్లల బరువు అందరిముందు గట్టిగా చదవకండి. ఎత్తు బరువు ఒక్కొక్కరికీ విడిగా చూసి, విడిగా రాయాలి. కొత్తబడి అమ్మగారూ, ఇది కూడా అడగండి.

---

డాలస్ నాన్న (టెక్సాస్)
జూన్ 19, రాత్రి 11:50

మా ఇద్దరు పిల్లలూ ఇక్కడి ప్రభుత్వ బడిలో చదువుతున్నారు. పోల్చి చూసుకోవడానికి పనికొస్తుందని రాస్తున్నా.

టెక్సాస్‌లో మూడో తరగతి నుంచి పీఈ క్లాసులో ఉన్న పిల్లలకి ఏడాదికోసారి ఫిట్‌నెస్‌గ్రామ్ అనే పరీక్ష ఉంటుంది. అందులో పేసర్ అని 20 మీటర్ల గీతల మధ్య బీప్ వినిపించేలోపు అటూ ఇటూ పరిగెత్తాలి. బీప్‌ల మధ్య సమయం తగ్గుతూ పోతుంది. మా పెద్దవాడికీ ఆ బీప్ అంటే భయమే, కాబట్టి మీ పాప ఒక్కతే కాదు. బాగున్నది ఏమిటంటే, ఫలితంలో ర్యాంకు ఉండదు. ఆ వయసుకి ఆరోగ్యంగా ఉండటానికి ఇంత చాలు అనే హద్దు ఒకటి పెడతారు. దాటావా, ఇంకొంచెం పని ఉందా, అంతే చెప్తారు.

ఇంతకుముందు అమెరికా అంతా ప్రెసిడెన్షియల్ ఫిట్‌నెస్ టెస్టు ఉండేది. పుల్లప్స్, మైలు పరుగు, నూటికి పైనున్న పదిహేను మందికే ఆ పెద్ద బహుమతి. నాతో పనిచేసే అమెరికన్లు నడివయసులో కూడా ఆ పుల్లప్స్ కడ్డీకి వేలాడుతూ నిలబడిపోయిన రోజు తలచుకుంటారు. 2012–13లో దాన్ని ఆపేసి ఆరోగ్య హద్దుల పద్ధతికి మారారు. 2025 జులైలో అధ్యక్షుడు దాన్ని తిరిగి తేవాలని ఉత్తర్వు ఇచ్చారు. ఇక్కడి తల్లిదండ్రుల్లో దాని మీద ఇప్పటికీ రెండు వర్గాలు.

ఇంకో తేడా. మా వాడి బడిలో కొన్ని వారాలు వాలీబాల్, కొన్ని వారాలు బాస్కెట్‌బాల్, తర్వాత ఇంకోటి. నేర్చుకునే రోజుల్లో ఇద్దరికో బంతి ఉంటుంది. నేను గుంటూరులో చదివినప్పుడు క్లాసు మొత్తానికి ఒక వాలీబాల్. బాగా ఆడేవాళ్లే ఆడేవారు, తక్కినవాళ్లం బంతి బయటికి వస్తే తెచ్చి ఇచ్చేవాళ్లం.

---

ఉప్పల్ నాన్న
జూన్ 20, ఉదయం 7:15

మా దగ్గర కూడా గట్లనే ఉండె. మరి మన కాలంల సార్ కొట్టినా, గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టిచ్చినా క్రమశిక్షణ అయితే వచ్చింది కదా? ఇప్పటి పిల్లలకు గా క్రమశిక్షణ లేదు.

---

విజిల్
జూన్ 20, ఉదయం 7:50

అన్నా, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. హోంవర్కు చేయనందుకు గ్రౌండ్ చుట్టూ రౌండ్లు, మాట్లాడినందుకు గుంజీలు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించింది. చట్టం పక్కన పెట్టండి. పరుగు శిక్ష అని వాడికి చిన్నప్పుడే నేర్పితే, పెద్దయ్యాక డాక్టరు "రోజూ నడవండి" అంటే వాడికి అది శిక్షలాగే అనిపిస్తుంది. ఎండలో మాడిన నేలలో గింజ వేసి మొలక రాలేదేమని అడిగినట్టుంటుంది.

క్రమశిక్షణ రావడానికి ఆటే చాలు. కబడ్డీలో కూత ఆగితే అవుట్, గీత దాటితే అవుట్. అంపైరు చెయ్యెత్తితే ఎంత అల్లరి పిల్లాడైనా బయటికి వెళ్లి కూర్చుంటాడు. కొట్టకుండానే.

డాలస్ నాన్న గారు చెప్పిన ఒక్క బంతి కష్టం మాకు ఇప్పటికీ ఉంది. నేను చేసేది చెప్తాను. యాభై మందిని ఐదు గుంపులు చేస్తాను. ఒక గుంపు నెట్ దగ్గర వాలీబాల్, ఐదుగురికి ఐదుగురు. ఒక గుంపు తాళ్లు. ఒకటి టెన్నికాయిట్. ఒకటి గడుల్లో దూకడం. ఒకటి పాత టైర్లలోకి గుడ్డ బంతులు విసరడం. ఆరు నిమిషాలకోసారి విజిల్, గుంపులు చోటు మారతాయి. మొదటి ఐదు నిమిషాలు వార్మప్, చివరి ఐదు నిమిషాలు ఒళ్లు సాగదీయడం. ముందే ముగ్గు గీసి సామాను సర్దుకుంటేనే కుదురుతుంది, అందుకే మా పాఠానికి కూడా ప్లాను కావాలంటాను.

---

రింగ్ టీచరమ్మ
జూన్ 20, ఉదయం 8:40

విజిల్ సార్ చెప్పిన గుంపుల పద్ధతి నేనూ చేస్తాను. దాంట్లో ఇంకో లాభం ఉంది. ఎవరిలో ఏముందో కనబడుతుంది. విశాఖలో పోర్టు హైస్కూల్లో చదివే అమ్మాయిని చూసి, పొడుగ్గా ఉంది, హర్డిల్స్‌కి పనికొస్తుందని గుర్తించింది వ్యాయామ ఉపాధ్యాయులే. ఆ అమ్మాయి జ్యోతి యర్రాజి. 2023లో ఆసియా ఛాంపియన్ అయింది. వరంగల్ దగ్గర కల్లెడ పల్లెలో ఊరివాళ్లు ఎగతాళి చేసిన దీప్తి జీవాంజి పరుగుని ముందు చూసిందీ బడి మైదానమే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన ఇబ్బంది ఉన్నవాళ్ల) విభాగంలో కాంస్యం తెచ్చింది. అందరూ పతకాలు తెస్తారని కాదు. చెట్టు కింద కూర్చోబెట్టి ఉంటే వీళ్లిద్దరూ ఎవరికీ కనబడేవారు కాదు.

మేధోపరమైన ఇబ్బంది ఉన్న పిల్లలు, కాలు సరిగా లేని పిల్లలు నా క్లాసుల్లో ఉన్నారు. గీత దగ్గరికి జరుపుతాను, నెట్ కిందికి దించుతాను, బంతి రెండోసారి నేల తగిలాక పట్టుకున్నా ఒప్పుకుంటాను. మిగతా పిల్లలు ఒక్కరోజు కూడా అభ్యంతరం చెప్పలేదు.

---

కొత్తబడి అమ్మ
జూన్ 21, రాత్రి 9:00

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇవాళ బడికి వెళ్లి సార్‌ని కలిశాను. చిన్నవయసు ఆయన. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను.

600 మీటర్లలో నడవచ్చని ఆయనా చెప్పారు, పిల్లలకి ముందే చెప్తానన్నారు. బరువు విడిగా చూస్తారట. జట్లు మాత్రం కెప్టెన్లే ఎంచుకుంటారని చెప్పారు. వేపపుల్ల రాసింది ఫోన్‌లో చూపించాను. చదివి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అంకెలు చెప్పిస్తాను మేడం" అన్నారు. ముదురు రంగు ప్యాంటుకి హెడ్మిస్ట్రెస్ గారిని అడగాలట. మా వీధి తల్లులు ఇంకో ఇద్దరు వస్తామన్నారు, సోమవారం వెళ్తాం.

గ్రేడు సంగతి తేలలేదు. పరుగు సమయాన్ని బట్టే గ్రేడు వేయమని మేనేజ్‌మెంట్ చెప్పిందట. అది నాకు నచ్చలేదు. విజిల్ గారూ, మీరు ఎలా వేస్తారు? ఇంకొకటి, పరీక్షకి ఇంకా నెల ఉంది. ఇంటి దగ్గర పాపతో ఏం చేయించాలి?

---

విజిల్
జూన్ 21, రాత్రి 9:45

మంచి పని చేశారమ్మా. ఆ సార్‌ని కూడా మెచ్చుకోవాలి.

ప్రభుత్వ బడిలో ఆరోగ్య వ్యాయామ విద్యకి గ్రేడు ఉంటుంది. నేను చూసేవి: పీరియడ్‌కి వస్తున్నారా, తయారై వస్తున్నారా, నియమాలు తెలుసా, తోటివాళ్లకి ఆడే అవకాశం ఇస్తున్నారా, జులై నుంచి జనవరికి తన అంకె తాను ఎంత మెరుగు పరుచుకున్నారు. పుట్టుకతో వేగం ఉన్న పిల్లాడు ఏమీ నేర్చుకోకుండా "ఏ" గ్రేడు కొట్టేయడం నాకు న్యాయం అనిపించదు. ఈ మాటే మేనేజ్‌మెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. జులై అంకె, జనవరి అంకె రెండూ కార్డు మీద పక్కపక్కన వేయమనండి. వాళ్లకి ఖర్చు లేని పని, కాదనడానికి కారణం ఉండదు.

ఇంటి దగ్గర: వారానికి నాలుగు రోజులు, ఎండ ఎక్కకముందే. మొదటి వారం ఇరవై నిమిషాలు గట్టిగా నడవడం మాత్రమే. రెండో వారం ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఏడెనిమిది సార్లు. పరిగెడుతూ మాట్లాడగలగాలి. మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టు, తగ్గించండి. మూడో వారం రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. నాలుగో వారం ఒకే ఒక్కసారి 600 మీటర్లు, తనకి నచ్చినట్టు నడుస్తూ పరిగెడుతూ పూర్తి చేయనివ్వండి. గడియారం చూడకండి. మిగతా రోజుల్లో స్కిప్పింగ్, గోడకి చేతులు ఆనించి పుషప్స్. రోజూ తర్వాత కాళ్లు చాపి కూర్చుని వేళ్లు అందుకోవడం, కుదుపులు లేకుండా.

---

మోకాలి డాక్టరమ్మ
జూన్ 21, రాత్రి 10:10

ప్లాను బాగుంది. బూట్లు వేలు ముందు అంగుళంలో సగం ఖాళీ ఉండేలా చూడండి. ఖాళీ కడుపుతో వద్దు, ఒక అరటిపండు తిని వెళ్లమనండి.

---

కొత్తబడి అమ్మ
జూన్ 21, రాత్రి 10:25

సరేనండి. ఇక్కడ సర్దార్ పటేల్ స్టేడియానికి పొద్దున ఆరింటికి తీసుకెళ్తాను. నేనూ పాపతో నడుస్తాను. వేపపుల్ల రాసింది పాపకి చదివి వినిపించాను. "ఆ అక్కని నాలుగో గడిలో ఎలా కూర్చోవాలో అడుగమ్మా" అంది.

---

వేపపుల్ల
జూన్ 22, ఉదయం 6:20

ఒక మోకాలు మడిచి, రెండో కాలి వేళ్లు నేలకి నొక్కి పెట్టాలి చెల్లీ. మడమ ఆనించకూడదు, ఆనిస్తే లేవడం ఆలస్యమవుతుంది. చేతి వేళ్లు గీతకి ముందు. ఖో వినపడేదాకా లేవకూడదు, ముందే లేస్తే ఫౌల్. ఎవరు ఎటు తిరిగి పరిగెడుతున్నారో తల తిప్పకుండా కంటి చివరతో చూడటం అలవాటు చేసుకో. అదొక్కటి వస్తే మిగతావన్నీ వచ్చేస్తాయి. వీడియో తీసి సాయంత్రం పెడతాను.